గూడు కట్టని పురుగులు

మునికుమార్ తట్టల్లోని పట్టుపురుగులను గుంతలోకి ఎత్తిపోసిన రోజు కూడా అవి మల్బరీ ఆకు కోసం తలలు ఎత్తి వెతుక్కుంటూనే ఉన్నాయి. చివరి తోలు విడిచి పద్నాలుగు రోజులు. ఎనిమిదో రోజే గూడు కట్టాల్సినవి. విత్తనపు పంట అది. గూళ్లన్నీ పట్టుగుడ్లు తీసే కేంద్రానికి పోవాలి. తేలికగా ఉన్నాయని కిందటి రెండు పంటలూ కేంద్రంవాళ్లు తిప్పి పంపారు. మూడోదీ పోతే ఇక విత్తనం పెంచనిచ్చేది లేదన్నారు.

పట్టు ఆఫీసు నుంచి వచ్చిన ప్రసన్నకుమారి గుంతలోంచి ఒక పురుగును తీసి అరచేతిలో పెట్టుకుంది. వేలంత లావుంది.

“దీని తలలో కొన్ని నరాల కణాలుంటాయి మునికుమార్. వేళైందని అవి రసం వదిలితేనే ఇది గూడు కట్టేది, రెక్కలొచ్చి గుడ్లు పెట్టేది. ఆ పనిని ఆపే మందేదో ఆకు మీద పడింది. ఒకనాడు కొద్దిగా పడితే పురుగు లావెక్కుతుంది, గూడు బరువొస్తుంది. రోజూ పడితే ఇదిగో, తింటూనే ఉంటుంది.”

అట్లాంటి మందు ఎవరి దగ్గరుంటుందని అతను అడిగాడు. తెల్లదోమకు టమోటా రైతులు కొడతారని ఆమె చెప్పింది.

గట్టు అవతల రాజారత్నం టమోటా తోట. ఆమె బండి మలుపు తిరగకముందే మునికుమార్ ఆకు కోసే కొడవలి అందుకున్నాడు. భార్య కోమలి వాకిలికి అడ్డం నిలబడింది.

“పోబాకయ్యా. ఆయప్ప చేసుండడు.”

“మరి ఎవురు చేసినారు? చెప్పు.”

కోమలి అతని చేతిలోని కొడవలి లాక్కోబోయింది. అతను తోసిన తోపుకు ఆమె తల గడపకు కొట్టుకుంది.

ఆమె లేచి తోటకు పరుగెత్తేసరికి రాజారత్నం సాళ్ల మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు. అప్పటికే ఒక చెయ్యి మణికట్టు దగ్గర వేలాడుతోంది.

“రెండు నెల్లుగా మందే కొట్టలేదప్పా,” అంటున్నాడు.

కోమలి భర్త నడుము పట్టుకుని లాగింది. అతను ఆమె వేళ్లు విరిచి విడిపించుకున్నాడు. తర్వాతి వేటు మెడ మీద పడింది.

చిత్తూరు ఆసుపత్రి చేరకముందే రాజారత్నం ప్రాణం పోయింది. మునికుమార్‌ను పోలీసులు తీసుకుపోయారు.

సమాధి చేసిన మూడో నాడు రాజారత్నం భార్య స్టెల్లా కోమలి ఇంటికి వచ్చింది. కట్టు కట్టిన ఆమె వేళ్లను ఒళ్లో పెట్టుకుంది.

“మా ఆయన్ని కాపాడబోయి నువ్వూ దెబ్బలు తింటివంట. నీ మింద నాకు కోపం లేదు చెల్లీ. ఆ మందు యాడనుంచి వచ్చినాదో, అదొక్కటి తెలిస్తే చాలు నాకు.”

కోమలి చాలాసేపు ఏడ్చింది. స్టెల్లా ఆమె తల నిమిరి వెళ్లిపోయింది.

గూళ్లు బరువెక్కాలని ఆ మందు రోజూ ఆకు మీద చల్లింది తానేనని కోమలి ఇంకా ఎవరికీ చెప్పలేదు.