ఓకే అన్నడు

తొమ్మిదో అంతస్తు వరండాలో బట్టలు ఆరేస్తున్న నాగవల్లి చేతిలోంచి తడి లుంగీ జారిపోయింది. పటాన్‌చెరు వైపు నల్లటి పొగ లేస్తోంది. కిందినుంచి ఎవరో అరిచారు.

"మందుల కంపెనీల రియాక్టర్ పేలిందంట."

ఆ కంపెనీకే ఆమె మొగుడు నర్సింగ్ పొద్దున ఆరింటికి డ్యూటీకి వెళ్లాడు.

ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మెసేజ్ కొట్టింది.

"ఎట్లున్నవ్?"

నిమిషం తర్వాత జవాబు వచ్చింది. "ఓకే."

నాగవల్లి అక్కడే కూర్చుని ఏడ్చేసింది. పక్కింటి కౌసల్యమ్మ ఫోన్ అందుకుని చూసింది.

"ఇగ ఏడుపెందుకే? ఓకే అన్నడు కద."

"దెబ్బలేమన్న తాకినయేమో పెద్దమ్మా."

"అడుగు మరి."

దెబ్బలు తాకినయా అని అడిగింది. "ఓకే." ఇంటికెప్పుడొస్తవ్ అని అడిగింది. "ఓకే."

కౌసల్యమ్మ నవ్వింది. "నీ మొగనికి ఇంకో మాట రాదానే?"

నిజంగానే రాదు. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అంటే ఓకే. కూర మాడినా ఓకే. బిడ్డ పుట్టిందని నర్సు చెబితే, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని మరీ ఓకే. ఆ ఒక్క మాట చూస్తే నాగవల్లికి ఆయన గొంతు విన్నట్టే. అయినా కంపెనీకి వెళ్దామని ఆటో ఎక్కింది.

గేటు ముందు ఇరవై మంది ఆడవాళ్లున్నారు. అంబులెన్సులు లోపలికి పోతున్నాయి గానీ ఒక్కటీ బయటికి రావడం లేదు.

"మావారు బాగానే ఉన్నారండీ," అంది ఫిట్టర్ భార్య రమ్యశ్రీ, ఫోన్ చూపిస్తూ. "ఓకే అని పెట్టారు."

పక్కనున్న ఒడిశా ఆమెకు తెలుగు రాదు. తనూ ఫోన్ చూపించింది. అదే మాట.

నాగవల్లి రెండు ఫోన్లనూ మార్చి మార్చి చూసింది. మళ్లీ నర్సింగ్‌కు ఫోన్ చేసింది.

రింగు దగ్గర్లోనే వినిపించింది. గేటు పక్కన సెక్యూరిటీ గదిలోంచి.

అంటే బయటికొచ్చిండు. పోయిన ప్రాణం లేచొచ్చింది. జనాన్ని తోసుకుంటూ కిటికీ దగ్గరికి ఉరికింది. అద్దానికి కొత్త కాగితం అంటించి ఉంది: సోమవారం నుంచి డ్యూటీకి వెళ్లేవాళ్లు ఫోన్లు ఇక్కడే జమ చేయాలి. లోపల బల్లనిండా లాక్ లేని డబ్బా ఫోన్లు.

గార్డు ఒక్కోటీ తీసి 'ఓకే' కొడుతున్నాడు.