కొత్తమ్మాయికి చోటు

చిట్టితల్లీ,

మీ ఆఫీసు అబ్బాయి నీ ల్యాప్‌టాప్ కోసం వచ్చాడు. అందరి కంప్యూటర్ పనినీ ఎక్కడో దూరాన దాచి, ఏ మిషన్లో అడిగితే అందులో చూపించే కంపెనీని ఎంచే పని నీ దగ్గర సగంలో ఆగిపోయింది కదా. ఇప్పుడు అతను చూస్తున్నాడు.

"మీ అమ్మాయి పరీక్షకి రెండు కంపెనీలు తోక ముడిచాయి పిన్నిగారూ. ఇది మూడోది."

నీ పద్ధతిలోనే నీ ల్యాప్‌టాప్‌ను టక్కున ఆపేసి, తన దాంట్లో తెరిచాడు. నువ్వు వదిలినవన్నీ వదిలినచోటే ఉన్నాయి.

"చూశారా! మిషన్ పోయినా ఏమీ పోలేదు!" అని నవ్వి, నాలిక కరుచుకున్నాడు.

నాకు ఏడుపు రాలేదు. మంచినీళ్ళిచ్చాను.

"ఈ కంపెనీనే ఖాయం చేస్తున్నాం. కానీ అందులో మీ అమ్మాయి ఖాతా తీసేస్తేనే కొత్తగా చేరే అమ్మాయికి చోటు. నాకు చేతులు రావడం లేదు."

"తీసెయ్ నాయనా. ఆ పిల్లని నిలబెడతామా?"

తెర తెల్లబడింది.

ఈ కార్డు నీకు చేరదని తెలుసు తల్లీ. నీ కుర్చీలో కూర్చోబోయే అమ్మాయికి ఇమ్మని అతని చేతికే ఇస్తున్నాను.

అమ్మా, నువ్వెవరో నాకు తెలీదు. మా పిల్ల పనిలో పడితే తిండి మరిచేది. నువ్వు వేళకి కడుపునిండా తిను.