కొంచెం ముందు నుంచి

కర్ర పైకి లేచిన దగ్గర కత్తెర పడాలి.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఎడిటరమ్మ పాటిస్తున్న పద్ధతి అది. హాకీలో గోల్ అంటే కొట్టడమే. అంతకు ముందు జరిగేదంతా సాగదీత, జనం ఛానల్ మార్చేస్తారు.

ఆ సాయంత్రం ఏడింటికి ప్రసారం. పేరు 'సగం సీజన్ మొనగాళ్లు'. ప్రొడ్యూసర్ గుమ్మంలోనే నిలబడి తొందరపెడుతున్నాడు.

"తేలిందా? గొడ్డలా, పిడుగా?"

జనం పెట్టిన పేర్లవి. ఇద్దరూ నలభై ఏళ్ల కిందట ఒకే సీజన్‌లో, వేర్వేరు జట్లకు ఆడారు. గొడ్డలి మొదటి సగంలో చెలరేగి ముప్ఫై గోల్స్ కొట్టాడు. పిడుగు రెండో సగంలో ముప్ఫై ఒకటి. దాదాపు అన్నీ పెనాల్టీ కార్నర్ల మీద పడ్డవే. అలాంటి సగం సీజన్ మళ్లీ ఎవరూ ఆడలేదు, వాళ్లిద్దరితో సహా.

"ఒక్క గోలే సార్ తేడా. కానీ విచిత్రమేంటంటే, గొడ్డలి చల్లబడ్డ వారమే పిడుగు మొదలెట్టాడు."

"అదృష్టం ఇటు నుంచి అటు మారుంటుంది. నువ్వు పని కానీ."

ఆయన అటు వెళ్లగానే వాచ్‌మన్ ఒక పెద్దాయనను వెంటబెట్టుకొచ్చాడు.

"పొద్దుట్నుంచీ వరండాలో బల్ల మీదే ఉన్నాడమ్మా. ఒక్క మాట చెప్పి పోతానంటున్నాడు."

పెద్దాయన చొక్కా ఇస్త్రీ నలగలేదు. మెడలో విజిటర్ కార్డు. ఎడమచేయి కుడి చంకలో పెట్టుకుని, చలేస్తున్నవాడిలా నిలబడ్డాడు.

"ఈ గోల్స్ ఇవాళ వేస్తున్నారట కదమ్మా. కొంచెం ముందు నుంచి వేస్తారా?"

"ఎంత ముందు?"

"కర్ర లేవక ముందు. రెప్పపాటు చాలు."

తెర మీద చోటు చూపించడానికి చంకలోంచి చేయి తీశాడు. ఆ వేళ్లలో ఒక్కటీ తిన్నగా లేదు. చూపించి మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.

"ఎందుకండీ?"

"అందులో నేనుంటాను. మా ఆవిడ ఆస్పత్రిలో ఉంది. ఇక రోజుల్లోనే అంటున్నారు డాక్టర్లు. వార్డులో టీవీ ఉంది. నన్నక్కడ ఎప్పుడూ చూళ్లేదు తను. పెళ్లినాటికే మానేశాను. చెబితే కోతలు కోస్తున్నానంటుంది."

"గ్యాలరీలో ఉంటారా?"

"కాదమ్మా, కిందే. గీత దగ్గర."

మైదానంలో సున్నం గీతలు వేసేవాడు కాబోలు అనుకుంది ఎడిటరమ్మ. పాపం అనిపించింది. పాపం అనుకోవడానికి కూడా తీరిక లేని రోజు.

"అన్నీ కత్తిరించేశానండీ. ఇప్పుడు మార్చడం కుదరదు."

అబద్ధం. సగం ఇంకా అలాగే ఉన్నాయి.

"ఒక్కదానికైనా?"

"ఇంకోసారి రండి, చూద్దాం."

పెద్దాయన ఇంకేదో అనబోయాడు. ఫోన్ మోగింది. ఆమె అటు తిరిగింది. మళ్లీ ఇటు చూసేసరికి ఆయన లేడు.

ఏడింటికి ప్రసారమైంది. ఒక్క గోల్ తేడాతో పిడుగే మొనగాడని తేల్చారు. ప్రొడ్యూసర్ అందరికీ టీ తెప్పించాడు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం, ఎడిటరమ్మ డబ్బా విప్పుకుని తింటుండగా వాచ్‌మన్ వచ్చి విజిటర్ కార్డు బల్ల మీద పెట్టాడు.

"ఆ పెద్దాయన ఇచ్చిపోయాడమ్మా. ఆ రోజు మెడలోనే మర్చిపోయాడట."

"వాళ్లావిడకెలా ఉందట?"

"పోయిందట. ప్రోగ్రాం చూసే పోయిందట. కళ్లజోడు పెట్టించుకుని చివరిదాకా చూసిందట. అయిపోయాక 'మీరేరీ?' అని అడిగిందట."

"ఆయనేమన్నాడట?"

"ఇంకోసారి వేస్తారులే అన్నాడట."

ఆ 'ఇంకోసారి' ఎడిటరమ్మ అన్న మాటే. డబ్బా మూసేసి, ఎవరూ అడక్కపోయినా మొదటి గోల్ రీలు తెరిచింది. ఆ గీతలు వేసేవాడిని తనైనా ఒకసారి చూద్దామనుకుంది. ఈసారి కొంచెం ముందు నుంచి పెట్టింది.

పెనాల్టీ కార్నర్. గోల్ లైన్ మీది నుంచి ఒకడు బంతిని బలంగా తోశాడు. గోల్ ముందున్న వంపు గీత దగ్గర సన్నటి కుర్రాడొకడు వంగి, ఉత్త అరచేత్తో దాన్ని ఆపాడు. ఆ రోజుల్లో చేత్తో ఆపనిచ్చేవారు. బంతి అతుక్కుపోయినట్టు నిలిచింది. చేయి ఇంకా పూర్తిగా తీయకముందే గొడ్డలి కర్ర దిగింది.

గోల్ పడింది. అందరూ గొడ్డలి మీదికి ఉరికారు. వంగినవాడు ఒక్కడే లేచి, ఎడమచేయి కుడి చంకలో పెట్టుకుని వెనక్కి నడిచాడు.

ఇంకో రీలు. మళ్లీ అతనే. మరొకటి. మళ్లీ ఆ చంకలో చేయి.

రెండో సగంలోంచి పిడుగు గోల్ ఒకటి తెరిచింది. వేరే జట్టు, చారల చొక్కాలు. వంపు గీత దగ్గర వంగింది మాత్రం అదే నడుము.

వరండాలోకి పరుగెత్తింది. బల్ల ఖాళీగా ఉంది.

"ఆయన ఇల్లెక్కడో అడిగావా?"

"కార్డిచ్చేసి పోయేవాడిని ఇల్లెందుకు అడుగుతానమ్మా?"

ఆమె తిరిగొచ్చేసరికి ప్రొడ్యూసర్ తెర ముందు నిలబడి ఉన్నాడు.

"మొనగాడెవరో తేల్చేశాంగా. మళ్లీ ఏంటి ఈ తవ్వకం?"

ఎడిటరమ్మ కన్నీళ్లు దాచుకోలేదు. తెర మీద చారల చొక్కా వేసుకుని, చంకలో చేయి పెట్టుకుని, ఒంటరిగా వెనక్కి నడుస్తున్నవాడిని చూపించింది.

"అవి రెండు సగాలు కాదు సార్. ఈయన ఆడిన ఒక్క సీజన్."