ఏ మున్సిపాలిటీ ముందు పుట్టింది?

"పెద్దది మాదే మేడమ్. కావాలంటే తారీఖు చూసుకోండి!" అంటూ రికార్డు గుమస్తా పాత కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

"తొందరపడకండి బావా, తారీఖు మా దాంట్లోనూ ఉంది," అంటూ అతని బావమరిది సంచిలోంచి మరో కాగితం తీశాడు.

ఏటికి ఇవతలి ఊరి మున్సిపాలిటీలో బావ రికార్డు గుమస్తా. అవతలి ఊరి మున్సిపాలిటీలో బావమరిదిదీ అదే ఉద్యోగం. ఆ రెంటినీ కలిపేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చిపడింది. ముందు పుట్టిన మున్సిపాలిటీ పేరే ఉంటుంది, దాని ఆఫీసే ఉంటుంది. రెండో ఆఫీసుకు తాళం పడుతుంది, అందులోవాళ్లు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. ఈ వయసులో ఊరు కాని ఊళ్లో హోటలు తిండి తినాలంటే బావ ప్రాణం ఉసూరుమంది. అందుకే నాలుగు రోజులు రికార్డు గదిలో దుమ్ములో దొర్లి, తుమ్మి తుమ్మి, మున్సిపాలిటీ పుట్టిననాటి ఉత్తర్వు పట్టుకొచ్చాడు.

విలీనం పని చూసే అధికారిణి కళ్లజోడు సవరించుకుంది. "ఇది సగమే ఉందేంటి?"

"మిగతాది చెదలు తినేసుంటాయి మేడమ్. అయితేనేం, మా ఊరి పేరుంది, పైన తారీఖుంది."

"నాదీ సగమేనండీ," అన్నాడు బావమరిది. "మా ఊరి పేరుంది, సంతకం కింద తారీఖుంది."

చూస్తే రెండు తారీఖులూ ఒకటే.

"ఒకే రోజైతే మాత్రం? మాది పొద్దున పుట్టుంటుంది," అన్నాడు బావ, తగ్గకుండా.

"మీరు దగ్గరుండి పురుడు పోశారా?"

"ఉండు, ఇంటికెళ్లి మీ అక్కయ్యతో చెప్తా!"

"చెప్పుకోండి. అక్కకు మా ఊరు పుట్టిల్లు. ఆవిడ ఓటు మాకే!"

బావకు ఒళ్లు మండింది. అది నిజం కావడంతో మరీ మండింది. పొద్దున ఆవిడ "తమ్ముడి ఉద్యోగం జాగ్రత్తండీ" అని మరీ సాగనంపింది.

వాళ్ల గోల వాళ్లది. అధికారిణి మాత్రం కాగితాలనే చూస్తోంది. రెండూ నిలువునా చిరిగినవి. ఒకదాంట్లో వాక్యాల మొదళ్లే ఉన్నాయి, రెండోదాంట్లో చివర్లే ఉన్నాయి. ఆమె రెంటినీ పక్కపక్కన పెట్టి జరిపింది. అంచుకు అంచు సరిపోయింది. పెదవులు కదిలిస్తూ ఒకసారి చదివింది, మళ్లీ చదివింది. నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్లు తాగింది.

"చెప్పండి మేడమ్," అంటూ బావ ముందుకు వంగాడు. "ఎవరి ఆఫీసు మూసేస్తారు?"

"ఏదీ మూయలేను. ఇవి రెండు ఉత్తర్వులు కావు, ఒక్కటే. ఏటికి రెండు వైపులా ఉన్న ఊళ్లకు కలిపి ఒకే మున్సిపాలిటీ, రెండు ఒడ్ల మీదా చెరొక ఆఫీసు అని రాసుంది. తొంభై ఏళ్లుగా మీరు ఒకటే!"

బావాబావమరుదులకు పోయిన ప్రాణాలు లేచొచ్చాయి. బావ ఏకంగా బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు.

"అయితే విలీనం అయిపోయినట్టేగా మేడమ్?" అన్నారిద్దరూ.

"ఎలా అవుతుంది? రెంటిని కలపమని కదా నాకొచ్చిన ఉత్తర్వు!" అంటూ ఆమె ఓ తెల్లకాగితం వాళ్ల ముందుకు తోసింది. "మమ్మల్ని విడదీయండి అని ఇద్దరూ కలిసి ఓ అర్జీ రాసివ్వండి, ముందు విడగొట్టి, ఆ తర్వాత కలుపుతాను."