ఎర్ర పట్టీ

ఇంట్లో అందరూ కప్పుకునే బొంతలు పెద్దకోడలు చేత్తో కుట్టినవే. ఈసారి అత్త పాతబట్టల మూట చిన్నకోడలికిచ్చింది.

చిన్నది బట్టలను పొడుగు పట్టీలుగా కోసి, కుట్టే వరసలో మిషను పక్కన పేర్చింది. "అన్నీ కలిపి కుట్టి అడ్డంగా కోస్తే చాలక్కా. ముక్కముక్కా అతకక్కర్లేదు."

"అయితే ఇన్నాళ్లూ నేను తెలివితక్కువగా కుట్టానన్నమాట," అంది పెద్దది.

చిన్నది మంచినీళ్లకు లేచింది. పెద్దది అంచున రావాల్సిన ఎర్ర పట్టీని తీసి పసుపు పట్టీల మధ్య దూర్చింది.

చిన్నది చూసుకోకుండా కుట్టేసింది. అడ్డంగా కోశాక ప్రతి ముక్కలోనూ ఎరుపు నడిమధ్యకు వచ్చింది. పెద్దదాని కడుపుమంట కాస్త చల్లారింది.

చిన్నది కాసేపు తల పట్టుకుని కూర్చుంది. తర్వాత ఒక్కో ముక్కనూ పక్కదానికంటే కొంచెం కిందికి దించి అతికింది. పసుపు బొంత మీద ఎర్రటి మెట్లు తేలాయి.

అత్త బొంతను చేత్తో తడిమింది. "ఎరుపు ఇక్కడ పెట్టాలని పెద్దదానికి ఈ జన్మలో తట్టేదా?"

"నేను పెట్టలేదత్తయ్యా. ఎలా పడిందో మరి."

"ఊరుకోవే. పనితనమంటే నీది."

పెద్దకోడలు ఇంక ఆగలేకపోయింది.

"అది అక్కడ పెట్టింది నేను," అంది.