చెల్లి తొలి బేరం

మా చెల్లికి మాటలు రావు. అందుకే నా సీక్రెట్స్ అన్నీ దానికే చెప్తాను. నాన్న కళ్ళజోడు మీద కూర్చుని విరగ్గొట్టింది నేనేనని దానికొక్కదానికే తెలుసు.

ఇవాళ థెరపీ మేడమ్ దానికి ట్యాబ్ ఇచ్చారు. బొమ్మ నొక్కితే మాట వినిపిస్తుంది. ఆ మాటలన్నీ పోయిన వారం నాతోనే రికార్డ్ చేయించారు.

"నాన్నకి ఏదైనా చెప్పు బంగారం," అన్నారు మేడమ్.

చెల్లి నొక్కింది. ట్యాబ్‌లోంచి నా గొంతే, "అక్క," అంది. తర్వాత, "కళ్ళజోడు."

"అక్కకి కళ్ళజోడు కావాలంటావా తల్లీ?" అని నాన్న కళ్ళు చికిలించి అడిగారు.

అది నా వైపు ఓసారి చూసి, "ఐస్‌క్రీమ్" నొక్కింది.

"కొనిస్తానే, రెండు," అన్నాను దాని చెవిలో.

చెల్లి "మూడు" నొక్కింది.