బ్రేకు పట్టిన చెయ్యి

సారయ్య ఉద్యోగం పోయిన రోజు ఇంట్లో నాటుకోడి వండారు.

భూపాలపల్లి క్వార్టర్లలో ఏ బొగ్గుబాయి కార్మికుడు ‘అన్‌ఫిట్’ అయినా అంతే, ఇంట్లో పండుగే. మెడికల్ బోర్డు ఒంట్లో బాగాలేదని తేలిస్తే తండ్రి పని కొడుక్కు వస్తుంది. ఆరోగ్యంగా రిటైరైతే ఏమీ రాదు. సారయ్యకు రిటైర్మెంటు దగ్గర పడింది. కొడుకు చరణ్ జనగామలో డిగ్రీ చదివి, కానిస్టేబుల్ పరీక్ష రెండుసార్లు తప్పి, ఇంట్లోనే ఉన్నాడు.

“బావా, నువ్వు సినిమాలల్ల ఉండాల్సినోనివే,” అన్నాడు భద్రయ్య, కూర గిన్నె దగ్గరికి జరుగుతూ. ఇద్దరూ ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్లు. “నన్ను రెండుసార్లు వాపసు పంపిన్రు. ‘పోయి పని చేసుకో’ అన్నరు. డాక్టరంటే సరే, ఆ మిషిన్ను ఎట్ల ఏమార్చినవే?”

సారయ్య గరిటె అందుకొని అతనికి ఇంకో ముక్క వేశాడు.

ఇన్నేళ్ల పనిలో ఒక్క దొంగ సిక్ లీవు పెట్టలేదని ఆయనకు పేరు. ఒళ్లు కాలుతున్నా బాయిలోకి దిగేవాడు. అన్నం పెట్టిన బాయినే మోసం చేశానన్న బాధ పొద్దుటి నుంచి లోపల గుచ్చుతూనే ఉంది.

ఈ నాటకం ఆలోచన కొడుకుది. వానాకాలంలో ఒకరోజు షిఫ్టు దిగి వస్తుంటే సారయ్యకు ఛాతీలో మంట పుట్టింది. చరణ్ ఆయన్ను హన్మకొండలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. పరీక్షలన్నీ చేయించాడు. తండ్రిని బెంచీ మీద కూర్చోబెట్టి, డాక్టరు గదిలోకి తనొక్కడే వెళ్లాడు. వచ్చేటప్పుడు నవ్వుతూ వచ్చాడు.

“గ్యాసే బాపు. కారం జర తక్కువ తినుమన్నడు.”

బస్సులో ఊరు దగ్గరికి వస్తుండగా అన్నాడు, “గింత దిట్టంగుంటే బోర్డోళ్లు నిన్ను అన్‌ఫిట్ ఎట్ల చేస్తరు? యాక్టింగ్ చెయ్యాల్సిందే.”

సారయ్య చాలా రోజులు ఆ మాట ఎత్తనివ్వలేదు. చివరికి ఒప్పుకున్నాడు. కొడుకు బతుకు కదా.

బోర్డులో సైకిలు తొక్కిస్తారు. ఉన్నచోటే ఉండే సైకిలు. ఛాతీకి వైర్లు అంటించి, ఉండి ఉండి బరువు పెంచుతారు. తొందరగా దిగిపోవాలి, కావాలని దిగినట్టు ఉండకూడదు. చరణ్ ఇంట్లోని పాత సైకిలుకు ముందు గదిలో స్టాండేసి తండ్రిని ఎక్కించాడు. తను పక్కన నిలబడి బ్రేకు పట్టేవాడు. పట్టినకొద్దీ పెడలు బరువెక్కేది.

“చెయ్యి ఛాతి మీద పెట్టు బాపు. ఆఁ, గట్ల.”

“నేను పెడ్తలేనురా. అదే పోతున్నది.”

“శబాష్. గదే కావాలె.”

రోజురోజుకూ సారయ్య ముందుగానే దిగిపోతున్నాడు. అలవాటు పడుతున్నాననుకున్నాడు. భార్య సమ్మక్క ఒకసారి కసిరింది.

“మొగం ఎట్ల పాలిపోయిందో చూడు! ఇగ చాలురా.”

చరణ్ చటుక్కున బ్రేకు వదిలేశాడు. గోడ వైపు చూస్తూ, “ఇంకొక్క వారమే అమ్మా,” అన్నాడు.

బోర్డు ముందు సారయ్య అనుకున్నంతసేపు కూడా తొక్కలేదు. మూడోసారి బరువు పెంచాక దిగమని కొడుకు మాట. రెండోసారికే కాళ్లు ఆగిపోయాయి. బనీను తడిసి ఒంటికి అంటుకుంది. తొందరపడ్డాను, దొరికిపోయాను అనుకున్నాడు.

డాక్టరు కోప్పడలేదు. చెయ్యి పట్టి దింపి, మంచినీళ్లు తాగించాడు.

“ఇన్ని రోజులు ఎట్ల పని చేసినవయ్యా?” అన్నాడు. “నీ కొడుకు వచ్చిండా? లోపలికి పంపు.”

ఆ జాలి సారయ్యను ఇంకా కుంగదీసింది. ఇంత మంచి మనిషిని కూడా మోసం చేశాననుకున్నాడు.

“ఏదీ, మాకు గూడ ఓసారి చూపియ్యి,” భోజనాలు అవుతుండగా భద్రయ్య పట్టుబట్టాడు. చుట్టాలంతా అతనికి వంత పాడారు. సైకిలు ఇంకా ముందు గదిలోనే ఉంది. సారయ్యకు చెయ్యి కడుక్కొని వచ్చి ఎక్కక తప్పలేదు. నాలుగు తొక్కులు తొక్కి, ఛాతీ పట్టుకొని, మూతి వంకర పెట్టాడు.

ఇల్లంతా ఘొల్లుమంది.

“గిదేం యాక్టింగే! గిట్ల చేస్తే నా లెక్కనే నిన్ను గూడ వాపసు పంపుదురు. గక్కడ ఎట్ల చేసినవో గట్ల చెయ్యి!”

అక్కడ ఎలా చేశాడో సారయ్య గుర్తు తెచ్చుకోబోయాడు. ఏమీ చేసినట్టు గుర్తు రాలేదు.

కిటికీలో ఛార్జింగు పెట్టిన చరణ్ ఫోను మోగింది.

“ఐసు తెచ్చేటాయన కావచ్చు, జర ఎత్తు బాపు!” వెనక వాకిట్లోంచి కేకేశాడు చరణ్. అక్కడ విస్తర్లు తీస్తున్నాడు.

సారయ్య సైకిలు మీద నుంచే చెయ్యి చాపి అందుకున్నాడు.

“చరణ్ గారేనా?” ఆడపిల్ల గొంతు. “హన్మకొండ హాస్పిటల్ నుంచి సార్.”

“ఊఁ,” అన్నాడు సారయ్య.

“గుండెకు స్టెంటు వేస్తే బోర్డుల ఫిట్ అయిపోతడు, బోర్డు పని అయ్యేదాక మా బాపుకు చెప్పొద్దని వానాకాలంల మీరే అంటిరి గద సార్, ఇంకా వేయించనే లేదేందని డాక్టరు సారు అడుగుమన్నరు.”